కుక్కల మీద 40 నిమిషాలు, నీళ్ల మీద 5 నిమిషాలు

పోయిన ఆదివారం మా తెలుగు సంఘం కార్యవర్గం కూర్చుంది. ఎజెండాలో రెండే అంశాలు. ఒకటి, ఈ ఏడు కార్తీక వనభోజనాలు ఎక్కడ పెట్టుకోవాలన్నది. రెండోది, మా పేట చెరువు పార్కులోకి కుక్కలను రానివ్వకూడదని అక్కడ నడకకు వచ్చేవాళ్లు కొందరు తయారుచేసిన వినతిపత్రం. దాని మీద సంఘం ముద్ర వేసి సంతకం పెట్టమని అడిగారు. మినిట్స్ రాసేవాణ్ణి నేనే కాబట్టి గడియారం చూస్తూ రాశాను. కుక్కల మీద చర్చ 40 నిమిషాలు సాగింది. చెరువులో నీళ్ల మీద 5 నిమిషాలు. ఆ అయిదులో కూడా మధ్యలో టీ వచ్చింది.

సంతకం పెట్టాలా వద్దా అన్నది తేలలేదు. వచ్చే సమావేశానికి వాయిదా వేసి, "కార్యదర్శి గారూ, మీరు ఆఫీసు మనిషి, అన్నీ చూసి ఒక నోట్ పెట్టండి" అన్నారు. ఆ నోటే ఇది. మా పేటకు పరిమితమైన గొడవ అయితే సంఘం ఫైల్లోనే పెట్టేవాణ్ణి. కోలారు, చిక్కబళ్లాపురం, హోసూరు వైపు మనవాళ్లకు కూడా ఇందులో పాలుందని రాస్తూ ఉంటే అర్థమైంది. అందుకే ఇక్కడికి పంపుతున్నాను.

ముందుగా ఒక సంగతి ఒప్పుకోవాలి, లేకపోతే దాచినట్టవుతుంది. మా ఇంట్లోనూ కుక్క ఉంది. తెచ్చింది మనవరాలు, రోజూ తిప్పేది కోడలు, ఆదివారాలు నేను. కాబట్టి ఈ విషయంలో నేను పూర్తిగా తటస్థుణ్ణి కాను.

సమావేశంలో రెండు వైపులా న్యాయం ఉంది. మా సభ్యుల్లో ఒక పెద్దావిడ, డెబ్బై దాటిన మనిషి, గొలుసు విప్పి వదిలిన కుక్క మీదికి ఉరికితే ట్రాక్ మీద పడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. రెండు నెలలు పిండికట్టు. "నాకు కుక్కల మీద ద్వేషం లేదు నాయనా, మళ్లీ పడితే లేచే ఓపిక లేదు" అన్నారావిడ. అప్పుడు కుర్ర సభ్యుడొకడు లేచి, "అక్కడ పడుకునే వీధికుక్కలు డజను ఉన్నాయి కదన్నా, వాటికి గేటూ లేదు, టైమూ లేదు. గొలుసుతో వచ్చేవాటిని ఆపితే ఏం తేలుతుంది?" అన్నాడు. అదీ నిజమే.

వీధికుక్కల సంగతి ఇప్పుడు మన చేతుల్లోనూ లేదు, పార్కు కాపలావాడి చేతుల్లోనూ లేదు. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 11న ఢిల్లీ వీధికుక్కలన్నిటినీ షెల్టర్లకు తరలించమంది. ఆగస్టు 22న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని సవరించింది. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టుకున్న చోటే వదలాలి. రేబిస్ ఉన్నవాటిని, మీదపడి కరిచేవాటిని మాత్రం వదలకూడదు. అన్నం పెట్టేవాళ్లు వీధిలో ఎక్కడపడితే అక్కడ కాకుండా నగర పాలక సంస్థ చూపించిన చోటే పెట్టాలి. నవంబర్ 7న మరో ఉత్తర్వు ఇచ్చి విద్యాసంస్థలు, ఆసుపత్రులు, క్రీడా ప్రాంగణాలు, బస్టాండులు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వాటిని తీసేయమంది. ఆ జాబితాలో చెరువు పార్కులు లేవు. కాబట్టి మనం అడగదగ్గది ఆపరేషన్లు, టీకాలు మా చెరువు దగ్గర ఎంతవరకు వచ్చాయన్నది. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతకడం దాదాపు అసాధ్యం. కరిస్తే సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే ఇంజెక్షన్‌కు వెళ్లాలి. ఇంత తెలిసిన పెద్దవాళ్లున్న ఇంట్లో కూడా ఇంకా పసుపు, సున్నం రాస్తున్నారు. అందుకే మళ్లీ చెబుతున్నాను.

పెంపుడు కుక్కల సంగతికొస్తే, రెండు మూటలా మనిషి పొడుగు గొలుసు, వెంట ఒక సంచి, పొద్దున ఒక గంట వేరే సమయం ఉంటే సరిపోతుందని నా అభిప్రాయం. నీటికోళ్లు గుడ్లు పెట్టే రెల్లు పక్కకు మాత్రం ఏ కుక్కా పోకూడదు. ఈ మాటకు ఆ పెద్దావిడ కూడా సరేనన్నారు. అంటే కుక్కల గొడవ పది నిమిషాల్లో తేలిపోయే గొడవ. మిగతా 30 నిమిషాలు ఎక్కడికి పోయాయో మినిట్స్‌లో కూడా లేదు.

ఇప్పుడు గేటు దగ్గరి బోర్డు చూద్దాం. ఈత నిషేధం. కుక్కలు నిషేధం. వంట నిషేధం. పూజా సామగ్రి వేయడం నిషేధం. చేపలు పట్టడం నిషేధం. పోయిన కార్తీకంలో మేము 60 మందిమి గంగాళాలు, పులిహోర గంపలతో వెళ్లి ఈ బోర్డు కిందే నిలబడిపోయాం. పోయినేడు వరకు లోపలున్న ఉసిరిచెట్టు కిందే భోజనాలు చేసేవాళ్లం. కాపలా అబ్బాయి చేతులు జోడించాడు. "సార్, నేనూ తెలుగోణ్ణే, కర్నూలు. కానీ కెమెరా ఉంది సార్." అతనిది తప్పులేదు. పొయ్యిలూ విస్తళ్లూ చెరువు ఒడ్డున వదిలిపోయినవాళ్లు మాకంటే ముందు వచ్చి ఉంటారు. అందరం పక్కనున్న కల్యాణ మండపం వరండాలో కూర్చుని తిన్నాం. ఉసిరిచెట్టు లేదు, ఒక ఉసిరి కొమ్మ తెచ్చి స్తంభానికి కట్టారు ఆడవాళ్లు.

ఆ రోజు నుంచి ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. జనం చెరువుకు చేసే చెడుపు అంతా బోర్డు మీద రాసి ఉంది. ఆగ్నేయ మూలలో కల్వర్టు కింద నుంచి రోజంతా నల్లగా వచ్చి కలిసే నీళ్ల గురించి ఒక్క అక్షరం లేదు. అక్కడ ముక్కు మూసుకుని అడుగులు తొందరగా వేస్తాం, మలుపు తిరిగాక మళ్లీ మామూలుగా నడుస్తాం. నేనూ ఆరేళ్లుగా అలాగే నడిచాను.

నా చిన్నప్పుడు ఇది పేట కాదు, పల్లె. మా పెద్దలు మడకశిర వైపు నుంచి వచ్చి ఈ చెరువు కింద రాగి, వరి పెట్టుకున్నారు. మా తాత ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం మాట్లాడేవాడు. చెరువు దగ్గర రెండూ కలిసిపోయేవి. తూముని వాళ్లు తూబు అనేవాళ్లు, మనం మరవ అనేదాన్ని వాళ్లు కోడి అనేవాళ్లు, నీరుగంటి మాత్రం ఇద్దరికీ నీరుగంటే. ఏ పొలానికి ఎన్ని గడియలు నీళ్లు వదలాలో అతను చెప్పిందే లెక్క. వేసవిలో చెరువు ఎండితే బండ్లతో మన్ను తోలుకుని చేలకు వేసుకునేవాళ్లు. పూడిక తీయించడానికి టెండరు అక్కర్లేదు. పశువులు దిగే రేవులో మా పెద్దనాన్న నా నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి నీళ్లలోకి నెట్టాడు. మా ఊరి కుక్కలు కూడా మా పక్కనే ఈదేవి. అప్పుడు అవన్నీ చెరువు పనులే. నడక కోసం చెరువు దగ్గరికి ఎవరూ రాలేదు, పని కోసం వస్తే నడక అయిపోయేది.

ఆ చెరువుకు కట్ట ఒక్క వైపే ఉండేది. మిగతా మూడు వైపులా నేల మెల్లగా వాలి, లోతు తక్కువ నీళ్లు, తుంగ, రెల్లు, కొంగలు. వానాకాలంలో నీళ్లు ఎంతవరకు ఎక్కితే అంతవరకు చెరువు. ఇప్పుడు పార్కు చేసినప్పుడు మట్టి తవ్వి చుట్టూ నాలుగు వైపులా కట్ట పోసి, దాని మీద టైల్స్ ట్రాక్ వేశారు. నగరంలో చాలా చెరువులకు ఇదే జరిగింది. చెరువుల మీద పని చేసేవాళ్లు దీన్ని సూప్ గిన్నె అని వెక్కిరిస్తారు. చుట్టూ అంచున్న గిన్నెలోకి పొలాల మీది వాననీళ్లు పారి రాలేవు. అంచున పెరిగే తుంగ మురికిని కొంత పీల్చుకునేది, ఆ అంచే పోయింది. మనం ఉదయం హాయిగా నడిచే ఆ ట్రాక్ కూడా చెరువుకు జరిగిన నష్టంలో భాగమే. నడకమానేయమని నేను అనను, నాకు షుగరుంది. నాలుగు వైపులా తిరగాలనే పట్టు మాత్రం అక్కర్లేదు. ఒక వైపు వెళ్లి అదే దారిన వెనక్కి వచ్చినా డాక్టరు చెప్పిన 5 కిలోమీటర్లు అవుతాయి.

ఈ మాత్రమైనా మిగిలిందని సంతోషించాలేమో. మెజెస్టిక్ బస్టాండు ఉన్నది ధర్మాంబుధి చెరువులో. కంఠీరవ స్టేడియం సంపంగి చెరువులో. కరగ ఉత్సవం కోసం ఆ మూల ఒక చిన్న కుంట మాత్రం మిగిల్చారు. చల్లఘట్ట చెరువు గోల్ఫ్ మైదానమైంది. చెరువులను కాపాడాలని, మురుగు కలవకుండా ఆపాలని లక్ష్మణరావు కమిటీ చెప్పింది 1980లలోనే. ప్రభుత్వం ఒప్పుకుంది కూడా.

ఇక ఈత. "ఈత నిషేధం అంటే పిల్లలు మునిగిపోతారని కదా" అన్నారు సమావేశంలో. అది ఒక కారణం. పూడిక తీసిన చెరువుల్లో లోతు ఒక్కసారిగా పడిపోతుంది, అడుగున బురద పట్టేస్తుంది. ఈత వచ్చినవాళ్లు కూడా పోయారు. రెండో కారణం నీళ్లే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి నీళ్లకు ఎ నుంచి ఇ దాకా అయిదు తరగతులు పెట్టింది. ఎ అంటే క్రిములను చంపి తాగొచ్చు. బి అంటే స్నానానికి, ఈతకు పనికొస్తాయి. సి అంటే శుద్ధి చేసి తాగాలి. డి చేపలకు, పక్షులకు. ఇ పొలాలకు, ఫ్యాక్టరీల యంత్రాలు చల్లబరచడానికి. బి తరగతి కావాలంటే 100 మిల్లీలీటర్ల నీళ్లలో కోలిఫామ్ క్రిములు 500 మించకూడదు, లీటరుకు కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, బిఓడి 3 మిల్లీగ్రాములు దాటకూడదు. బిఓడి అంటే నీళ్లలోని మురికిని అరిగించుకోవడానికి క్రిములు తినే ఆక్సిజన్ లెక్క. బెంగళూరు చెరువుల్లో ఎక్కువ భాగం డి, ఇ తరగతుల్లోనే తేలుతున్నాయి. ఒక తరం కిందట పిల్లలు ఈదిన నీళ్లు ఇవి.

సాంకీ చెరువు పక్కన ఈతకొలను ఉంది. హలసూరు చెరువు పక్కన కూడా ఉంది. ఇంత నీళ్లు పక్కన పెట్టుకుని, టికెట్టు కొని, క్లోరిన్ కలిపిన తొట్టిలో మన పిల్లలు ఈత నేర్చుకుంటున్నారు. 1882లో సాంకీ చెరువు కట్టినప్పుడు అది ఊరికి నీళ్ల కొరత తీర్చడానికి. హలసూరులో 2016 మార్చిలో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. డి తరగతి అంటే చేపలకు సరిపోయే నీళ్లు అని పైన చెప్పాను. అదీ దక్కలేదు ఆ రోజు. కుక్కలున్నవాళ్లకు ఒక మాట. పచ్చరంగు పెయింటు పోసినట్టు తెట్టు కట్టిన నీళ్లలో కుక్కను దించకండి, తాగనివ్వకండి. ఆ నాచులో కొన్ని రకాలు విషం. కుక్క ఒళ్లు నాక్కున్నా లోపలికి పోతుంది.

మరి ఈ మురుగు ఎందుకు ఆగదు? నేను 37 ఏళ్లు గుమాస్తాగా పనిచేశాను, ఫైలు ఎక్కడ ఆగుతుందో వాసన పట్టగలను. వాననీళ్ల పెద్ద కాల్వలను ఇక్కడ రాజకాలువెలు అంటారు. అవి నగర పాలికె చేతిలో ఉంటాయి. మురుగు పైపులు జలమండలివి. చెరువు పాలికెదో, బిడిఎదో, అటవీ శాఖదో, చిన్న నీటిపారుదల శాఖదో ఆ చెరువును బట్టి ఉంటుంది. మురుగు పైపు లేని వీధి నుంచి మురుగు వాన కాల్వలోకి పోతుంది. పైపున్న వీధిలో మ్యాన్‌హోల్ పొంగినా అక్కడికే పోతుంది. కాల్వ చెరువులోకి వస్తుంది. చెరువు వాళ్లను అడిగితే కాల్వ మాది కాదంటారు. కాల్వ వాళ్లు పైపు మాది కాదంటారు. పైపు వాళ్లు ఆ ఇళ్లకు కనెక్షనే లేదంటారు. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. దీనికి తోడు 2025 సెప్టెంబర్ 2 నుంచి పాత మహానగర పాలికె పోయి అయిదు నగర పాలికెలు వచ్చాయి. మా సంఘం పోయినసారి రాసిన ఉత్తరం ఏ ఆఫీసు బీరువాలో ఉందో తెలుసుకోవడానికే నాకు మూడు పూటలు పట్టింది.

పోరుమామిళ్ల చెరువు శాసనం గురించి మీలో కొందరు వినే ఉంటారు. కడప జిల్లాలో 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు తవ్వించిన చెరువు. మంచి చెరువుకు ఉండాల్సిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించాడు. రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం ఆ దోషాల్లో ఒకటి. మా చెరువుకు రెండు కాదు, నాలుగు రాజ్యాలు.

ఇంకో లెక్క చూడండి. 2024 అక్టోబర్‌లో కావేరి అయిదో దశ మొదలైంది. నగరం అంచుల్లోని 110 పల్లెలకు రోజుకు 77.5 కోట్ల లీటర్లు అదనంగా ఇవ్వడానికి కట్టింది. మంచిదే, ట్యాంకర్ల బాధ తగ్గింది. ఇచ్చిన నీళ్లలో 80 శాతం మురుగుగా తిరిగి వస్తుందని ఇంజినీర్లు వేసుకునే లెక్క. పథకం పూర్తిగా వాడకంలోకి వస్తే రోజుకు 62 కోట్ల లీటర్ల కొత్త మురుగన్నమాట. మిగిలిన చెరువులున్నది కూడా ఆ అంచుల్లోనే. పైపులూ శుద్ధి కేంద్రాలూ నీళ్లంత వేగంగా రాకపోతే ఆ మురుగు పోయేది ఎక్కడికో వేరే చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు మనవాళ్ల పాలు సంగతి. బెంగళూరు చెరువులు ఒకదాని మరవ నీళ్లు ఇంకోదానికి అందేలా గొలుసుగా ఉన్నాయి. ఆ గొలుసులో ఒకటి చివర బెళ్లందూరు, దాని కింద వర్తూరు. బెళ్లందూరు చెరువు 2015లో, 2017లో, 2018 జనవరిలో తగలబడింది. నీళ్లున్న చెరువు మంటలు పట్టడం టీవీలో చూశాం. మంటలార్పడానికి సైన్యం రావలసివచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో జాతీయ హరిత ట్రైబ్యునల్ ఈ చెరువుల పనికి 500 కోట్లు విడిగా ఖాతాలో వేయమని రాష్ట్రాన్ని ఆదేశించింది. వర్తూరు మరవ దాటిన నీళ్లు దక్షిణ పినాకినిలో పడి తమిళనాడులో హోసూరు పక్కన కెలవరపల్లి డ్యాంకు చేరతాయి. అక్కడ షట్టర్లు ఎత్తితే తెల్లటి నురుగు. బట్టల సబ్బు పొడులూ, గిన్నెల సోపులూ పైనుంచి పడే నీళ్లలో చిలికినట్టై అలా లేస్తుంది. ఆ డ్యాం కింద పొలాలున్న ఊళ్లలో తెలుగు మాట్లాడే ఇళ్లు ఎన్నో హోసూరు పాఠకులకు నేను చెప్పాలా?

ఇటు కోలారు. కోరమంగల–చల్లఘట్ట లోయ మురుగును రెండు దశలు శుద్ధి చేసి 2018 నుంచి కోలారు చెరువులకు పంపుతున్నారు. పథకం సామర్థ్యం రోజుకు 44 కోట్ల లీటర్లు. హెబ్బాళ–నాగవార లోయ నీళ్లు 21 కోట్ల లీటర్ల పథకంతో చిక్కబళ్లాపురం వైపు. ఈ రెండు జిల్లాల్లో తెలుగు ఇంటిభాషగా ఉన్న పల్లెలు లెక్కలేనన్ని. నీళ్లు వచ్చిన మొదటి నెలల్లోనే లక్ష్మీసాగర చెరువులో నురుగు లేచింది, కోర్టులకు పోయారు, తర్వాత మళ్లీ నీళ్లు పారాయి. మూడో దశ శుద్ధి కూడా చేసి పంపండని అక్కడి రైతు సంఘాలు అప్పటి నుంచి అడుగుతున్నాయి.

దీన్ని చెడ్డదని ఒక్క మాటలో కొట్టేయను. కోలారు దగ్గరున్న మా బావకు ఫోన్ చేసి అడిగాను. "వెయ్యి అడుగులు వేసినా పడని బోరు ఇప్పుడు పోస్తా ఉంది బావా. చెరువు నిండినప్పుడు మా అమ్మ హారతి ఇచ్చింది. ఆ నీళ్లు తాగమంటే మాత్రం ఎవురూ తాగరు. దండం పెట్టుకోవాల్నా, భయపడాల్నా తెలీలే" అన్నాడు. నిలువ నీళ్లు లేక ఎండిపోయిన జిల్లాకు ఈ నీళ్లు ప్రాణం. ఆ నీళ్లలో ఏముందో పంపేవాళ్లు ప్రతినెలా చెప్పాలి, అంతే. జక్కూరు చెరువు దగ్గర ఒక దారి కనబడుతుంది. రోజుకు కోటి లీటర్ల సామర్థ్యంతో మొదలైన శుద్ధి కేంద్రం నీళ్లు తుంగ పెరిగిన మడుగు దాటి చెరువులోకి వస్తాయి. పక్షులున్నాయి, చేపలు పట్టేవాళ్లున్నారు, చుట్టూ నడిచేవాళ్లున్నారు. అక్కడా లోపాలున్నాయి, కానీ పని చేసే చెరువు ఎలా ఉంటుందో మన పిల్లలకు చూపించాలంటే నేను అక్కడికే తీసుకెళ్తాను.

ఒడ్డు సంగతి కూడా ఇప్పుడే చూసుకోవాలి. కర్ణాటకలో 2014 నాటి చెరువుల సంరక్షణ చట్టం ప్రకారం చెరువు హద్దు నుంచి 30 మీటర్ల లోపు కట్టడాలు కూడదు. హరిత ట్రైబ్యునల్ 2016లో బెంగళూరుకు దాన్ని 75 మీటర్లు చేసింది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025 ఆగస్టులో శాసనసభ ఆమోదించిన సవరణ బిల్లు ఇంకో అడుగు వెనక్కి వేసింది. పెద్ద చెరువులకే 30 మీటర్లు, చిన్నవాటికి విస్తీర్ణాన్ని బట్టి అంచెలంచెలుగా తగ్గిస్తూ పోవాలంటుంది. పర్యావరణ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. తెలంగాణలోనూ 10 హెక్టార్ల కంటే చిన్న చెరువులకు 9 మీటర్లే విడుస్తారు. అక్కడ 2024లో హైడ్రా పెట్టి కట్టడాలు కూల్చాల్సినంత దూరం వెళ్లింది వ్యవహారం. గొలుసులో పైనున్న చిన్న చెరువులే కిందున్న పెద్దదాన్ని నింపుతాయి. చిన్నవాటి ఒడ్డు తగ్గించి పెద్దదాన్ని కాపాడతామనడం, వేళ్లు కోసేసి చేతికి ఉంగరం చేయించినట్టుంది నాకు. మా చెరువు చిన్నదే.

కాబట్టి నా నోట్ ఇది. కుక్కలను మొత్తంగా నిషేధించే వినతి మీద సంఘం సంతకం పెట్టకూడదు. బదులు ఇంకో కాగితం రాసి, ఆ నడక మిత్రులను కూడా అందులోనే సంతకం పెట్టమందాం. గొలుసు తప్పనిసరి, కుక్కలకు వేరే గంట, ట్రాక్‌లో రెల్లు వైపు భాగానికి ఎవరూ పోకూడదన్నవి చివరి పేరాలో వస్తాయి. మొదటి పేరాలో కల్వర్టు. అక్కడ కలుస్తున్న మురుగు ఏ వీధులదో జలమండలి, పాలికె కలిసి వచ్చి చూసి రాతపూర్వకంగా చెప్పాలి. కాలుష్య నియంత్రణ మండలి పరీక్ష ఫలితం, తరగతి అక్షరంతో సహా, ప్రతినెలా గేటు దగ్గర పెట్టాలి. ఈత నిషేధం అన్న బోర్డు పక్కనే పెడితే ఎందుకు నిషేధమో కూడా అర్థమవుతుంది. ఏడాదికొక్కసారి, పొయ్యి లేకుండా, ఇంటి నుంచి వండి తెచ్చిన భోజనం ఉసిరిచెట్టు కింద తిని, ఆకులు తిరిగి తీసుకుపోయే షరతు మీద అనుమతి అడుగుదాం. ఇస్తే ఇస్తారు.

ఉత్తరం కన్నడంలో రాశాను. నాలుగు తరాలుగా ఇక్కడి నీళ్లు తాగినవాళ్లం, కెరె గురించి అడగాలంటే కన్నడంలోనే అడగాలి. పక్కనే ఉన్న కన్నడ సంఘం, తమిళ సంఘం వాళ్లతో మాట్లాడాను. ముగ్గురి ముద్రలూ ఒకే కాగితం మీద ఉంటే గుమాస్తా దాన్ని తొందరగా కింద పెట్టడు. నాకు తెలుసు, నేను పెట్టేవాణ్ణి కాదు.

ఈ ఏడు వనభోజనాలకు ములబాగిలు దారిలో మన సభ్యుడొకరి మామిడితోట ఖాయమైంది. ఉసిరిచెట్లు రెండున్నాయట. వంట నీళ్లకు ఏం చేద్దామని ఫోన్‌లో అడిగితే, తాగడానికి క్యాన్లు తెప్పిస్తాను, గిన్నెలు కడగడానికి బోరు ఉంది, రెండేళ్లుగా బాగా పోస్తోంది అన్నాడాయన. ఉన్నట్టుండి ఎలా పడ్డాయి నీళ్లు అని అడిగాను.

"మీవే కదండీ," అన్నాడు.